నలభై ఎనిమిది గ్యాలన్ల బరువు

ఆర్డిస్ త్వెటెన్ ఏ బండి కిందికి దూరినా, చేత్తో తాకిన ప్రతి వస్తువు పేరూ పైకి అంటుంది. "చక్రం. నట్లు. బ్రేకు గొట్టం. స్ప్రింగు." ఎవరితోనో చెప్పటం కాదు. ఆమె ఉత్తర డకోటాలో ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపిన మనిషి. అక్కడ జనవరి ఉదయాల్లో, డీజిలు చిక్కబడిపోయే చలిలో, టార్చిలైటు పట్టుకుని బస్సు చుట్టూ, బస్సు కిందా చూసుకున్నాకే తాళం తిప్పాలి. చూసినదాన్ని పేరు పెట్టి పలికితే తప్ప చూసినట్టు కాదని ఆమెకు పని నేర్పిన ముసలి డ్రైవరు చెప్పాడట. కన్ను దాటిపోతుంది గానీ నోరు దాటిపోదని ఆమె నమ్మకం. ఉద్యోగం మానినా ఆ అలవాటు మానలేదు.

అందుకే ఆ నవంబరులో, ఉత్తరపు చలి తప్పించుకోవటానికి రిటైరైన మేం ఏటా చేరే అరిజోనా ఎడారి మకాంలో, పికప్పుకు తగిలించి లాక్కొచ్చే ఆమె ట్రైలర్ ఇంటి కిందినుంచి వినిపిస్తున్న పేర్ల వరస మధ్యలో తెగేసరికి, పక్క ట్రైలర్ ముందు కాఫీ తాగుతున్న నేను కూడా కప్పు దించాను.

"ట్యాంకు," అంది. తరువాత వేళ్లతో ఇనుమును తట్టిన చప్పుడు. "ట్యాంకు పట్టీ. రెండో పట్టీ. డెల్మర్, ఇలా రా. వంగకు, కుర్చీ తెచ్చుకో."

డెల్మర్ ఆమె భర్త. వ్యవసాయ యంత్రాలు బాగుచేసే దుకాణంలో నలభై ఏళ్లు వెల్డింగు చేశాడు. సెప్టెంబరులో కుడి భుజానికి ఆపరేషను జరిగింది. ఆ చేయి మెడనుంచి వేలాడే గుడ్డలో ఉంది; కాఫీ కెటిలు కంటే బరువైనది ఏదీ ఎత్తకూడదని డాక్టరు ఆజ్ఞ. ఎడమ చేత్తో మడత కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఎంత దిగింది?"

"నడుమ అంగుళంపావు. ఒక పట్టీకి చివర మర ఊడి వచ్చేసింది. నీళ్లు మూడో వంతే ఉన్నాయి గనక ఇలా ఉంది. నిండా ఉంటే ఈపాటికి నేల మీద ఉండేది."

"దాని కింద కట్టిన నైలాను పట్టీ ఉందిగా?"

నల్లటి నైలాను పట్టీ ఒకటి ట్రైలర్ కిందినుంచి ఎగిరి వచ్చి అతని బూట్ల దగ్గర పడింది.

"చంటిపిల్లాడి ఉయ్యాలలా సాగింది చూడు. పొరుగు బండి గస్ చెప్పటం, నువ్వు కట్టటం. ఇద్దరు మగాళ్ల తెలివి కలిస్తే ఇదిగో, ఇంత పొడుగు."

నీళ్ల ట్యాంకు ఈ ట్రైలర్లలో మంచం కింద, నేల పలకకు దిగువన ఉంటుంది. ట్రైలర్ పొడవునా రెండు ఉక్కు దూలాలు. వాటి నడుమ అడ్డంగా రెండు పలుచని ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు. వాటి మీద ప్లాస్టిక్ ట్యాంకు. గ్యాలను నీరు ఎనిమిది పౌన్లకు పైగా తూగుతుంది. నలభై ఎనిమిది గ్యాలన్లు నాలుగు వందల పౌన్లు, అంటే రెండు క్వింటాళ్లకు కొంచెం తక్కువ. బిస్కట్టు మందం కూడా లేని ఆ పట్టీలు ఆ బరువును ఆగి ఉన్నప్పుడు మోస్తాయి. కుదుపులో, నీరు ఎగిరి పడిన ప్రతిసారీ, అదే ట్యాంకు క్షణకాలం రెట్టింపు తూగుతుంది. ఈ సంగతి తయారు చేసినవాళ్లకు తెలుసు. అల్మరా తలుపు లోపల చిన్న కాగితం అంటించారు: ప్రయాణంలో మూడో వంతుకు మించి నింపవద్దు.

మా మకాంలో ఆ కాగితం చదవనివాళ్లు లేరు, పాటించినవాళ్లూ లేరు. ఎండిన వాగు ఒడ్డున, గులకరాళ్ల మెరక మీద ఆరు ట్రైలర్లం. కరెంటు లేదు, కుళాయి లేదు. ఊరు తొమ్మిది మైళ్లు. ఆ తొమ్మిది మైళ్లూ దున్నిన పొలంలా చాళ్లు తేలిన కంకర రోడ్డు. ఇక్కడ రాసిపెట్టిన నియమాలేవీ లేవు. రాయనిది ఒక్కటే ఉంది: నీళ్లు అడగకూడదు. పానా అడగవచ్చు, జనరేటరు అడగవచ్చు; ఒంట్లో బాగాలేదని తెలిస్తే మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన హాట్‌డిష్ గిన్నె అడగకుండానే గుమ్మం ముందు పెట్టిపోతారు. నీళ్లు మాత్రం ఎవరివి వాళ్లు మోసుకురావాలి. ప్రతివాళ్ల నీళ్లూ కొలతకు సరిపోయేటన్నే ఉంటాయి. అడిగితే కాదనటం ఎవరికీ చేతకాదు. అందుకని అడగటమే మానుకున్నాం.

ఒక చలికాలంలో దంపతులిద్దరు వారంలో రెండుసార్లు అడిగారు. నవ్వుతూనే పోశాం. మూడోసారి అడగలేక ఊళ్లోని అద్దె పార్కుకు వెళ్లిపోయారు. అక్కడ కుళాయి ఉంది. కిటికీలోంచి చేయి చాపితే పక్క ట్రైలర్ కిటికీ కూడా అందుతుంది. మరుసటి ఏడు వాళ్లు ట్రైలర్ అమ్మేశారని తెలిసింది.

నీళ్లు అడిగినవాళ్లన్న పేరు మాకు రాకూడదనే, ఊళ్లో కుళాయి దగ్గర ట్యాంకు పొర్లేదాకా నింపి, ఆ చాళ్ల రోడ్డు మీద గలగలమంటూ మోసుకొస్తాం. నియమాన్ని నిలబెట్టుకోవాలనే పట్టుదలే పట్టీలను వంచుతోందని మాలో ఎవరికీ తోచలేదు. తోచినా ఒప్పుకునేవాళ్లం కాము.

ఆ సాయంత్రం నాలుగింటికి, రోజూలాగే, అందరం ఎవరి కుర్చీ, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని గుండ్రంగా కూర్చున్నాం. డెల్మర్ గ్లాసు వంక చూస్తూ అన్నాడు.

"మూడో వంతు నీళ్లతో వారం గడవదు. పార్కుకి పోవాల్సిందేనేమో."

ఆపరేషను తరువాత ఇంటి దగ్గర అతను రెండుసార్లు ట్రైలర్ అమ్ముదామన్నాడని ఆర్డిస్ అంతకుముందే మాకు చెప్పింది. ఇప్పుడు అతని వైపు తిరిగింది.

"పార్కులో ఏం చేస్తావు?"

"కూర్చుంటాను."

"ఆఁ. మార్చి దాకా కూర్చుంటావు. ఏప్రిల్లో బండి అమ్ముదామంటావు. మే నెలకి నీ కుర్చీకి, నీకు తేడా తెలీకుండా పోతుంది. నేను ఆ పట్టీలు మారుస్తాను. ఇక్కడే ఉంటాం."

"నువ్వా?" అన్నాడు గస్. మానిటోబాలో ధాన్యపు గిడ్డంగి నడిపి రిటైరైన మనిషి. నైలాను పట్టీ సలహా అతనిదే. "ఇంకో పట్టీ బిగిస్తే పోయేదానికి అంత హంగామా ఎందుకు? గోటితో పోయేదానికి గొడ్డలా?"

"నీ గోరు ఇప్పటికే ఒకసారి విరిగింది గస్. రేపు నీ పికప్పులో నన్ను ఇనుము కొట్టుకి తీసుకెళ్లు. దారిలో సలహాలు చెప్పకపోతే కాఫీ నాది."

మరునాడు వాళ్లు ఒకటిన్నర అంగుళాల చదరపు ఉక్కు పైపులు మూడు, ఒక దూలం నుంచి రెండో దూలం దాకా అందేలా కోయించి తెచ్చారు. మందపాటి ఇనుప బిళ్లలు, బోల్టులు, వదులుకాని రకం నట్లు, అరంగుళం ప్లైవుడ్ పలక, ఒక డబ్బా రంగు కూడా తెచ్చారు. డెల్మర్ పైపును వేలితో మీటి చూసి బాగుందన్నట్టు తలాడించాడు. బోల్టులు చూసి ముఖం చిట్లించాడు.

"వెల్డింగు లేని అతుకు అతుకే కాదు. ఆ రోడ్డు మీద బోల్టు వదులవుద్ది."

"ట్యాంకు ప్లాస్టిక్. దాని పక్కనే గ్యాసు గొట్టం. దాని పైన నా మంచం. నిప్పు పట్టుకుని కిందికి దూరతానంటే చెప్పు, ముందు మంచం బయట వేసుకుంటా."

"ట్యాంకు దించి చేస్తారే అది."

"దించటానికి రెండు చేతులు కావాలి. నీకిప్పుడు ఒక్కటే ఉంది."

డెల్మర్ తల పక్కకు తిప్పుకున్నాడు. ఆర్డిస్ రంగు డబ్బా మూత తీస్తూ, గొంతు మార్చకుండా అంది: "ఆ ఒక్కటీ నాకు కావాలి. నట్లన్నీ ఆఖర్న చూసేది నువ్వే. నీ చెయ్యి సరేనంటేనే సరే."

పైపులు నేరుగా దూలాలకు బెజ్జాలు వేసి బిగించవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. ఆమె చేయలేదు. బరువు మోసే దూలానికి కింది అంచున పలకలా చాచుకుని ఉండే పెదవిలో బెజ్జం వేయటమంటే, మోసే చోటనే దాన్ని పలుచన చేయటం. ఇది డెల్మరే ఆమెకు ఎప్పుడో చెప్పిన మాట. అందుకని పెదవి మీద ఒక బిళ్ల, పెదవి కింద పైపు, పైపు కింద ఇంకొక బిళ్ల పెట్టి, పై బిళ్లనూ కింది బిళ్లనూ కలిపి బోల్టులతో బిగించాలని నిర్ణయించింది. దూలం చెక్కుచెదరదు. ప్లైవుడ్ పలక సంగతి గస్‌కు అర్థం కాలేదు.

"మూడు పైపులు చాలవా? పైన చెక్క దేనికి?"

"పరుపు లేకుండా మంచం కమ్మీల మీద పడుకో, తెలుస్తుంది. ప్లాస్టిక్ మెత్తన. నిండితే కమ్మీల సందుల్లోంచి కిందికి జారుతుంది. కొన్నాళ్లకి కమ్మీ అంచు దగ్గర చీలుతుంది."

పని రోజున ట్యాంకులోని మూడో వంతు నీళ్లనూ ముందే బిందెల్లోకి తోడి ఖాళీ చేశారు. చక్రాలకు అడ్డుచెక్కలు, దూలాల కింద ఉక్కు కాళ్లు. అవి లేకుండా ఆర్డిస్ మోచేయి కూడా లోపల పెట్టదు. ట్యాంకు కింద వెడల్పాటి పలక, దాని కింద జాకీ. వంగిన ట్యాంకును నెమ్మదిగా పైకి లేపి తిన్నగా చేయాలి. ఎక్కువ లేపితే పైన నీళ్లు పోసే గొట్టం అతుకు దగ్గర విరుగుతుంది. ఆ అతుకు మంచం కిందినుంచే కనబడుతుంది. అక్కడ కాపలాకు నోరీన్ వెళ్లింది. ఆమె ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. ఇప్పుడు బోర్లా పడుకుని, తల మంచం కిందికి పెట్టి అరుస్తోంది.

"ఇంకొంచెం! ఇంకొంచెం రానీ... బాగా వస్తోంది..."

"కాన్పు చేయిస్తున్నావా నోరీన్?" అన్నాడు గస్, జాకీ దగ్గరనుంచి.

"నువ్వు నోరు మూసుకుంటే తొందరగా అవుద్ది. ఇంకొంచెం... ఆపు! ఆపండి! గొట్టం ముడత పడుతోంది."

"ఒక పిసరు దించు," అంది ఆర్డిస్ కిందినుంచి. రసమట్టం పెట్టి చూసింది. "చాలు. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకండి."

పాత పట్టీలు ఊడదీసింది. రంగు వేసిన ప్లైవుడ్ పలకను ట్యాంకుకూ జాకీ మీది పలకకూ నడుమ తోసింది. పైపులు ఒక్కొక్కటీ అమర్చి బోల్టులు ఎక్కించింది. ప్రతిదానికీ పేరు పలికింది: "మొదటి పైపు, ఎడమ. బిళ్ల. బోల్టు. వాషర్. నట్టు." మధ్యాహ్నానికి దుమ్ము కొట్టుకున్న ముఖంతో బయటికి వచ్చి, పానా భర్త ఎడమ చేతికి ఇచ్చింది. అతను నేలమీద వెల్లకిలా పడుకుని, ఆపరేషనైన భుజం వైపు చేతిని పొట్ట మీద పెట్టుకుని, అంగుళం అంగుళం లోపలికి జరిగాడు. ఎడమ చేత్తో ఒక్కొక్క నట్టునూ బిగించి చూశాడు. రెండు నట్లు పావు తిప్పు తిరిగాయి.

"రెండు," అన్నాడు బయటికి వచ్చి. ఆ 'రెండు'లో చాలా తృప్తి ఉంది.

ఇక మిగిలింది పరీక్ష. దూలం నుంచి దూలానికి గట్టిగా దారం కట్టి, ఆ దారానికీ నడిమి పైపుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో ట్యాంకు ఖాళీగా ఉండగా ఆర్డిస్ కొలిచి ఉంచింది. ట్యాంకు నిండాక మళ్లీ కొలవాలి. చిక్కు అక్కడే వచ్చింది. నింపటానికి నీళ్లు ఊళ్లో ఉన్నాయి. ఊళ్లో నింపితే పరీక్ష ఆ రోడ్డు మీదనే జరుగుతుంది. కట్టింది నిలవకపోతే ట్యాంకు చక్రాల ఇరుసు మీద పడుతుంది.

ఆ సాయంత్రం కుర్చీలన్నీ చేరాక, ఆర్డిస్ గ్లాసు నేలమీద పెట్టి అంది:

"నాకు నీళ్లు కావాలి."

డెల్మర్ మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆమె అడగబోతోందని అతనికి కూడా తెలియదు.

"ఆర్డిస్," అన్నాడు మెల్లగా, "లోపలికి పద."

"లోపలికి ఎందుకు? దొంగతనం చెయ్యట్లేదుగా."

"పదకొండు చలికాలాలు ఇక్కడున్నాం. ఒక్క చుక్క అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నా. తాగటానికి కాదు, బరువుకి. నా ట్యాంకు ఒక రాత్రి నిండుగా ఉండాలి. పొద్దున్నే ఎవరివి వాళ్లకి కొలిచి ఇచ్చేస్తా. నేను కట్టినది తప్పయితే అది నా ఇంటి ముందు, బండి ఆగి ఉన్నప్పుడు తెలియాలి. రోడ్డు మీద కాదు. అద్దెకి తీసుకుంటున్నా అనుకోండి."

గస్ నీళ్లు నమిలి, "అడక్కూడదని కదా మన..." అన్నాడు.

"అడిగినోళ్లు సిగ్గుతో పోయారు గస్. నేను సిగ్గు పడట్లేదు. అంతే తేడా."

మొదట లేచింది నోరీన్. తన ట్రైలర్ వైపు నడిచి, ఆరు గ్యాలన్ల నీలం జగ్గును రెండు చేతులతో తొడకు ఆనించి మోసుకొచ్చింది. నేను రెండు తెచ్చాను. ఉద్యోగకాలమంతా నీటిని సీసాల్లో పరీక్షించినవాణ్ని. నీటిని కేవలం బరువుగా చూసింది మొదటిసారి. గస్ అందరికంటే ఆఖరున లేచి, మూడు తెచ్చాడు. ఏ జగ్గు ఎవరిదో, అందులో నీళ్లు ఎంతదాకా ఉన్నాయో తెలిసేలా ఆర్డిస్ సుద్దముక్కతో గీత గీసింది.

ఎనిమిదో జగ్గు అడుగంటేసరికి పైగొట్టం నుంచి నీరు పొర్లింది. ఆర్డిస్ దూరంనుంచి టార్చి వేసి ముందు నట్లు, బిళ్లలు చూసింది; నిండు ట్యాంకు కింద తల పెట్టలేదు. పొడుగాటి కర్రకు టేపు కట్టి, పక్కనుంచి చాపి కొలిచింది. నడిమి పైపు దిగింది అంగుళంలో పదహారో వంతుకు కొంచెం ఎక్కువ, ఎనిమిదో వంతుకు తక్కువ.

"వంగింది!" అన్నాడు గస్.

"వంగకుండా మోసేది ఏదీ లేదు," అన్నాడు డెల్మర్. జగ్గులు వచ్చాక అతను నోరు విప్పటం అదే మొదలు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఎంత వంగిందన్నది కాదు. నీళ్లు దించాక మళ్లీ లేస్తుందా లేదా అన్నది చూడాలి. నీ నైలాను లేవలేదు."

పొద్దున పైపు అదే కొలత దగ్గర ఉంది. రాత్రంతా ఇంకేమీ దిగలేదు. అడుగు కుళాయి తిప్పి జగ్గులు నింపటం మొదలుపెట్టారు. గస్ తన జగ్గు ముందు నిలబడ్డాడు.

"నా నీళ్లు నాకే రావాలి. నోరీన్ నీళ్లు నాకొద్దు."

"నా నీళ్లు తాగితే నీకు కాస్త బుద్ధొస్తుందేమో, తీసుకో," అంది నోరీన్.

చివరి జగ్గు నిండాక, ముందు తోడి ఉంచిన తన నీళ్లలోంచి సుద్దగీతల దాకా కొరత తీర్చి, ఆర్డిస్ మూతలు బిగించింది. అప్పుడు టేపు పట్టుకుని కిందికి దూరింది. మేమంతా బయట నిలబడ్డాం. డెల్మర్ లోపలికి చూడటానికి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"దారం," అంది లోపలినుంచి. "నడిమి పైపు." టేపు లాగిన చప్పుడు. "మొదటి కొలతే. వెంట్రుకవాసి తేడా లేదు."

డెల్మర్ ఎడమ అరచేత్తో ట్రైలర్ పక్క గోడ మీద రెండుసార్లు తట్టాడు, గుర్రాన్ని తట్టినట్టు.

ఆగి ఉన్న బరువును మోయటం ఒక పరీక్ష, కుదుపును మోయటం వేరే పరీక్ష. కాని మొదటిది తప్పినవాళ్లు రెండోదానికి కూర్చోనక్కర్లేదు. ఆర్డిస్ మొదటిది గెలిచింది. అదే రోజు ట్రైలర్ తగిలించుకుని ఊరికి వెళ్లారు. ఆమె నడిపింది, అతను పక్కన కూర్చున్నాడు. కుళాయి దగ్గర ట్యాంకు పొర్లేదాకా నింపారు. చాళ్ల రోడ్డు మీద ఆమె బడిపిల్లలు వెనక ఉన్నట్టు నడిపిందని డెల్మర్ తరువాత చెప్పాడు: "ఒక జింక దాటింది. జింక కూడా విసుక్కుంది."

మకాం చేరగానే ఆమె దిగకముందే అతను దిగాడు. టేపు కట్టిన కర్రను ఎడమ చేత పట్టుకుని ట్రైలర్ పక్కన నేలకు చెంప ఆనించి, లోపలికి చాపాడు. ఈసారి పేర్లు పలికింది అతను.

"దారం. నడిమి పైపు. నిన్నటి కొలతే." తరువాత ఒక్కొక్క నట్టునూ టార్చితో చూస్తూ చివరిదాకా వెళ్లాడు. "నట్లు, పన్నెండూ ఉన్నాయి. గీత మీద గీత." నట్టునూ బిళ్లనూ కలుపుతూ ముందే సుద్దతో గీత గీసుకున్నాడు, నట్టు తిరిగితే గీత విరుగుతుంది. ఒక్కటీ విరగలేదు.

"వెల్డింగు కాదుగా మరి," అంది ఆర్డిస్ పికప్ తలుపు దగ్గరనుంచి.

"వెల్డింగయితే గీతలు గియ్యక్కర్లేదు," అన్నాడు అతను. ఓడిపోయినవాడి గొంతు కాదది. నిలబడి, ట్రైలర్ తలుపు తీసి, చలికాలమంతా పరిచి ఉంచే చాపను ఒంటిచేత్తోనే బయటికి లాగి, రోజూ వేసే చోట దులిపి పరిచాడు. తన కుర్చీని తెచ్చి దాని మీద పెట్టుకున్నాడు. పార్కు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నాలుగింటికి కుర్చీలు చేరాయి. నోరీన్ బంగాళాదుంపల పలుచటి రొట్టెలు వెన్న, చక్కెర రాసి చుట్టి తెచ్చింది. కొంతసేపు మాటలు ఎటెటో నడిచాయి. గస్ తన గ్లాసును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం అతను తన ట్రైలర్ కింద బోర్లా పడుకుని ఉండటం నేను చూశాను. దారం, టేపు చేతిలో ఉన్నాయి.

"నా దానికి ముప్పావు అంగుళం దిగింది," అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "శనివారం మారుస్తాను. పైపులు కొట్టులో ఉన్నాయి. పలక ఉంది." రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు. "నీళ్లు కావాలి నాకు."

ఆర్డిస్ నవ్వలేదు. "ఎన్ని గ్యాలన్లు?" అని మాత్రం అడిగింది.

అతను లెక్క చెప్పేలోపే డెల్మర్ లేచి, సుద్దముక్క కోసం ఎడమ చేత్తో జేబు తడుముకుంటున్నాడు.